దశాంశ సంఖ్యల్ని తప్పు లేకుండా రౌండ్ చేయడం: బడి లెక్క నుంచి బిరియానీ బిల్లు దాకా

345 రూపాయల బిరియానీ మీద 5 శాతం జీఎస్‌టీ ఎంత? నోటి లెక్కన 17 రూపాయల 25 పైసలు. అదే హోటల్ బిల్లు అడుగున చూస్తే పన్ను 17.26 అని ఉంటుంది. దాని కిందే "రౌండ్ ఆఫ్ -0.26" అని ఇంకో వరుస. ఇందులో మోసం ఏమీ లేదు, మిషన్ పాడవలేదు. రౌండ్ చేయడం ఎక్కడ జరిగింది, ఎన్నిసార్లు జరిగింది అన్నదే తేడా. ఆ ఒక్క పైసా ఎక్కడి నుంచి వచ్చిందో డబ్బు లెక్కల దగ్గర చూద్దాం. దానికి ముందు అసలు పద్ధతి తెలియాలి.

బడి పుస్తకాల్లో దీన్ని "సవరించడం" అంటారు, బజార్లో "రౌండ్ ఫిగర్" అంటారు, అకౌంటెంట్లు "రౌండాఫ్" అంటారు. పని ఒకటే. పొడుగాటి సంఖ్య స్థానంలో దానికి అతి దగ్గరగా ఉన్న పొట్టి సంఖ్యను పెట్టడం. 'అతి దగ్గర' అన్న మాట గుర్తుంటే నియమాలు మరిచిపోయినా ఇబ్బంది లేదు. 47.38 నుంచి 47.4కి దూరం 0.02, 47.3కి దూరం 0.08. ఏది దగ్గరో అదే జవాబు. నియమాలన్నీ ఈ కొలతకు అడ్డదారులే.

స్థానాల పేర్లు

47.3862 తీసుకుందాం. చుక్కకు ఎడమ పక్క 7 ఒకట్ల స్థానం, 4 పదుల స్థానం. కుడి పక్క 3 పదో వంతు, 8 వందో వంతు, 6 వెయ్యో వంతు, 2 పదివేలో వంతు. "రెండు దశాంశాలకు" అన్నా, "వందో వంతుకు" అన్నా, "పైసల దాకా" అన్నా ఒకటే.

తెలుగులో చదివే పిల్లలు ఎక్కువగా తడబడేది ఒక చోట ఉంది. "సమీప వందకు" వేరు, "సమీప వందో వంతుకు" వేరు. 3,846.275ను వందకు సవరిస్తే 3,800. వందో వంతుకు సవరిస్తే 3,846.28. మధ్యలో 'వంతు' అనే రెండక్షరాలే ఉన్నాయి, జవాబు మాత్రం 46 రూపాయలు మారింది. ప్రశ్న చదివేటప్పుడు ఆ మాట కింద గీత గీయడం అలవాటు చేయండి.

అడుగులు

1. ఏ స్థానం దాకా కావాలో ముందే తేల్చుకోండి. డబ్బుకైతే రెండు దశాంశాలు, బంగారం తూకానికి మూడు, క్రికెట్ రన్‌రేట్‌కు రెండు. ఇది తేలకుండా మొదలుపెడితే తర్వాతి అడుగులన్నీ గాల్లో ఉంటాయి.

2. ఆ స్థానంలోని అంకె తర్వాత నిలువు గీత గీయండి. 47.3862ను రెండు దశాంశాలకు అంటే 47.38|62.

3. గీతకు కుడి పక్కన వెంటనే ఉన్న ఒక్క అంకెనే చూడండి. ఇక్కడ 6. దాని తర్వాతి 2 వైపు కన్నెత్తి చూడొద్దు.

4. ఆ అంకె 0, 1, 2, 3, 4లలో ఒకటైతే గీతకు ఎడమ పక్క అంకెను అలాగే ఉంచండి. 5, 6, 7, 8, 9 అయితే దానికి ఒకటి కలపండి. ఇక్కడ 8 కాస్తా 9 అయింది.

5. గీతకు కుడి పక్క ఉన్నవన్నీ తీసేయండి. జవాబు 47.39.

ఇదే సంఖ్య మూడు దశాంశాలకు 47.386, ఒక దశాంశానికి 47.4, ఒకట్లకు 47, పదులకు 50.

పదులకు సవరించినప్పుడు అయిదో అడుగు కొంచెం మారింది, గమనించారా? చుక్కకు కుడి పక్క అంకెల్ని తీసేయొచ్చు. ఎడమ పక్క అంకెల్ని తీసేయకూడదు, వాటి చోట సున్నాలు పెట్టాలి. 4,567.89ను వందలకు సవరిస్తే 4,600. 46 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. నాలుగున్నర వేలు నలభై ఆరుగా ఎలా కుంచించుకుపోయిందని ఒక్కసారి అడిగితే చాలు, వాళ్లే దిద్దుకుంటారు.

చేశాక సరిచూడటానికి పది సెకన్ల పరీక్ష ఒకటుంది. అసలు సంఖ్యకూ మీ జవాబుకూ తేడా తీయండి. అది మీరు సవరించిన స్థానం విలువలో సగానికి మించకూడదు. రెండు దశాంశాలకు అయితే 0.005, రూపాయికి అయితే 50 పైసలు, వందలకు అయితే 50. మించితే ఎక్కడో తప్పు జరిగినట్టే.

తొమ్మిది ఉన్న చోట

ఒకటి కలపాల్సిన అంకె 9 అయితే కూడికలోలాగే అక్కడ 0 పెట్టి, ఎడమ పక్క అంకెకు ఒకటి మోయాలి. 19.96ను ఒక దశాంశానికి: గీత 19.9|6 దగ్గర, 9కి ఒకటి కలిపితే పది, అక్కడ 0, ఆ ఎడమ 9 కూడా 0, పదుల 1 కాస్తా 2. జవాబు 20.0. అలాగే 3.997 రెండు దశాంశాలకు 4.00.

ఇక్కడ 20 అని, 4 అని రాసి వదిలేస్తే పరీక్షలో మార్కు పోతుంది, దానికి న్యాయమైన కారణమే ఉంది. 4.00 అంటే అసలు విలువ 3.995కీ 4.005కీ మధ్య ఉందని చెబుతున్నాం. ఉత్త 4 అంటే 3.5కీ 4.5కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చివరి సున్నాలు ఎంత నిక్కచ్చిగా కొలిచారో చెప్పే ముద్రలు. కాలిక్యులేటర్ వాటిని చూపించదు కాబట్టి చేత్తో రాసుకోవాలి.

రెండుసార్లు రౌండ్ చేయడం

అన్నిటికంటే ఎక్కువ మందిని పడేసే గుంత ఇదే. పిల్లలే కాదు, అకౌంట్స్ రాసేవాళ్లూ పడతారు.

గూగుల్ మ్యాప్స్‌లో చార్మినార్ మీద వేలు నొక్కి పడితే వచ్చే రేఖాంశాన్ని నాలుగు దశాంశాలకు చూస్తే 78.4747. దాన్ని రెండు దశాంశాలకు సవరించండి. గీత 78.47|47 దగ్గర పడుతుంది, పక్క అంకె 4, కాబట్టి 78.47. అయిపోయింది.

ఇప్పుడు "ఒక్కో అంకె తగ్గించుకుంటూ వద్దాం" అనుకున్న మనిషి ఏం చేస్తాడో చూడండి. ముందు మూడు దశాంశాలకు: చివరి 7 వల్ల 78.475. ఆ తర్వాత రెండు దశాంశాలకు: ఇప్పుడు పక్కన 5 కనిపిస్తోంది కాబట్టి 78.48. రెండు అడుగులూ విడివిడిగా సరైనవే, జవాబు మాత్రం తప్పు. 78.4747 అనేది 78.475 అనే నడిమి గీతను దాటనేలేదు. మొదటి రౌండింగ్ దాన్ని తీసుకెళ్లి ఆ గీత మీద కూర్చోబెట్టింది, రెండోది అటువైపు తోసేసింది.

హైదరాబాద్ అక్షాంశం దగ్గర రేఖాంశంలో 0.01 డిగ్రీ అంటే నేల మీద దాదాపు 1.06 కిలోమీటర్లు. 78.47కూ 78.48కీ మధ్య దూరం అంత. నిజానికి సరైన 78.47 కూడా చార్మినార్ నుంచి అర కిలోమీటరు పడమరకు తీసుకెళ్తుంది. లొకేషన్ పంపేటప్పుడు రెండు దశాంశాలు చాలవన్నది దీన్నుంచి తేలే ఇంకో సంగతి. నాలుగు దశాంశాలు ఉంటే 5, 6 మీటర్ల తేడాతో ఆ చోటికే చేరతారు.

ఎప్పుడు సవరించినా అసలు సంఖ్య దగ్గరికే వెళ్లాలి. ఎవరో సవరించి ఇచ్చిన సంఖ్యను మళ్లీ సవరించాల్సి వచ్చి, దాని చివర సరిగ్గా 5 ఉంటే, అసలు అంకె ఏమిటని అడగాలి. అడగకుండా చేసే పని లాటరీ టికెట్ కొనడం లాంటిది.

ముందే రౌండ్ చేయడం

దీని తమ్ముడే ఇంకో తప్పు: లెక్క మధ్యలో సవరించడం.

మన దగ్గర ప్లాట్లు గజాల్లో అమ్ముతారు, ప్లానుల్లో చదరపు మీటర్లుంటాయి. గజం అంటే కచ్చితంగా 0.9144 మీటరు, కాబట్టి చదరపు గజం 0.83612736 చదరపు మీటరు. 200 గజాల ప్లాటుకు 200 × 0.83612736 = 167.225472. చివర్లో సవరిస్తే 167.23 చదరపు మీటర్లు.

"0.836 ఎందుకు, 0.84 చాలు" అని మొదట్లోనే సవరిస్తే 200 × 0.84 = 168. తేడా 0.77 చదరపు మీటరు, అంటే గజానికి కాస్త తక్కువ. గజం 60 వేలు అనుకుంటే ఆ చిన్న సవరణ ఖరీదు 55 వేల పైనే. 0.84లో తప్పు దాదాపు 0.004 మాత్రమే. దాన్ని 200తో గుణించినప్పుడు తప్పు కూడా 200 రెట్లయింది. గుణకారం ఎంత పెద్దదైతే ముందస్తు రౌండింగ్ అంత ప్రమాదం.

బంగారం కొట్లో ఇదే లెక్క ఇంకోలా కనిపిస్తుంది. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో కాంటా మీద 8.347 గ్రాములు అని వచ్చిందనుకోండి. గ్రాము 9,000 అని లెక్కిస్తే 75,123 రూపాయలు. తూకాన్ని 8.35 చేస్తే 27 రూపాయలు ఎక్కువ, 8.3 చేస్తే 423 తక్కువ. అందుకే తూకాన్ని మిల్లీగ్రాము దాకా అలాగే ఉంచి, ధరతో గుణించి, మజూరీ, పన్ను అన్నీ కలిపాక చివరి రూపాయి దగ్గర మాత్రమే సవరిస్తారు. పెద్దవాళ్లు తులం అనే 11.6638 గ్రాములకూ ఇప్పుడు చాలామంది తులం అనే 10 గ్రాములకూ మధ్య తేడా మాత్రం రౌండింగ్ కిందికి రాదు. అది వేరే కొలత. ముందే అడిగి తేల్చుకోండి.

చేత్తో లెక్క చేసేటప్పుడు అన్ని అంకెలూ మోయడం కష్టమే. కావాల్సిన దానికంటే కనీసం రెండు అంకెలు ఎక్కువ ఉంచుకుని లెక్క నడపండి. కాలిక్యులేటర్‌లో అయితే మధ్యలో వచ్చిన జవాబును కాగితం మీద రాసి మళ్లీ కొట్టొద్దు, మెమరీ బటన్ వాడండి.

సరిగ్గా అయిదు వస్తే

గీత పక్కన 5, ఆపైన ఏమీ లేదు, లేదా అన్నీ సున్నాలే. 2.745ను రెండు దశాంశాలకు సవరించాలి. 2.74కూ 2.75కూ దూరం సమానం. 'దగ్గరిది' అనే సూత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఎటు వెళ్లాలన్నది ఒప్పందం మాత్రమే, అదీ ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి.

బడిలో నేర్పేది, బజారులో నడిచేది: అయిదైతే పైకి. 2.75.

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్‌లో, ప్రమాణాలు, కొలతల పాఠంలో వచ్చేది ఇంకొకటి: ఎడమ పక్క అంకె సరి సంఖ్య అయ్యేలా చూడాలి. 2.745లో 4 ఇప్పటికే సరి, కాబట్టి 2.74. 2.735లో 3 బేసి, కాబట్టి 2.74. పదో తరగతి దాకా పైకి పంపిన పిల్లలు ఇక్కడ "సార్ తప్పు చెబుతున్నారు" అనుకుంటారు. తప్పేమీ లేదు, ఇంటి నియమం మారింది. సిమెంటు, స్టీలు పరీక్షించే ల్యాబులు పాటించే ప్రమాణం, బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వారి ఐఎస్ 2, దాని 1960 ప్రతిలోనే ఈ సరి నియమం ఉంది.

ఎందుకీ తంటా అంటే, ఎప్పుడూ పైకే పంపితే మొత్తం మెల్లగా ఉబ్బుతుంది. 0.5, 1.5, 2.5, 3.5 కలిపితే 8. అన్నిటినీ పైకి సవరించి కలిపితే 1 + 2 + 3 + 4 = 10. సరి నియమంతో 0 + 2 + 2 + 4 = 8. వేల కొలతల సగటు తీసే చోట ఈ తేడా కనిపిస్తుంది. నాలుగు వస్తువుల బిల్లులో కనిపించదు.

ఈ గొడవంతా సరిగ్గా సగం దగ్గరే. 2.7451 అయితే సగం దాటింది, ఏ నియమంలోనైనా 2.75. సరి నియమం కొత్తగా నేర్చుకున్నవాళ్లు 5 కనిపించగానే దాన్ని వాడేసి 2.74 రాస్తారు. 5 వెనక సున్నా కాని అంకె ఉందేమో చూడాల్సింది అప్పుడే.

రుణ సంఖ్యలకు సగం దగ్గర ఇంకో చిక్కు. -2.5 'పైకి' అంటే -2నా, -3నా? ఎక్సెల్‌లో రౌండ్ ఫంక్షన్ -3 ఇస్తుంది, సున్నా నుంచి దూరంగా జరుగుతుంది. వెబ్ పేజీల కోడ్ భాష జావాస్క్రిప్ట్‌లో మ్యాథ్ రౌండ్ -2 ఇస్తుంది. వాపసు సరుకు ఎంట్రీలు మైనస్‌లో ఉండే చోట ఇది పట్టించుకోండి. లేకపోతే అమ్మినప్పటి మొత్తం, వాపసు మొత్తం కొట్టేసుకోక ఒక రూపాయి వేలాడుతూ ఉంటుంది.

డబ్బు లెక్కలు

ఇప్పుడు బిరియానీ. 5 శాతం జీఎస్‌టీ రెండు ముక్కలుగా పడుతుంది: కేంద్రానికి 2.5 శాతం, రాష్ట్రానికి 2.5 శాతం. 345 మీద 2.5 శాతం 8.625. సరిగ్గా సగం! పైకి సవరిస్తే 8.63. రెండు ముక్కలు కలిస్తే 17.26. ఒకేసారి 5 శాతం తీస్తే 17.25. ఇక ఏదైనా సాఫ్ట్‌వేర్ సరి నియమంతో రాసి ఉంటే 8.62, 8.62 కలిసి 17.24. ఒకే ప్లేటుకు మూడు పన్నులు, మూడింటికీ కారణం ఉంది. మన బిల్లులో 345 + 17.26 = 362.26, రూపాయికి సవరిస్తే 362, అందుకే -0.26.

ఇరవై వస్తువుల బిల్లులో పన్నును వరుస వరుసకూ సవరించి కలపడానికీ, మొత్తం మీద ఒకేసారి సవరించడానికీ మధ్య కొన్ని పైసల తేడా రావచ్చు. ఏదో ఒక పద్ధతి పెట్టుకుని అన్ని బిల్లులకూ అదే నడపాలి. కొన్నవాళ్ల పుస్తకాలూ అమ్మినవాళ్ల పుస్తకాలూ పైసల దగ్గర కలవకపోవడానికి సగం కారణం రెండు చోట్ల రెండు పద్ధతులు ఉండటమే.

రూపాయికి సవరించడం ఎందుకు ఇంత మామూలైపోయింది? 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెలామణీలో లేవు. 50 పైసలు చట్టప్రకారం ఇప్పటికీ చెల్లుతుంది, మన బజార్లో దాన్ని తీసుకునే మనిషిని వెతకాలి. చిల్లర లేక చాక్లెట్ చేతిలో పెట్టే కొట్టు రౌండింగ్ చేయడం లేదు, చాక్లెట్ అమ్ముతోంది.

చట్టాల్లో నియమం స్పష్టంగానే ఉంది. కేంద్ర జీఎస్‌టీకి సంబంధించిన 2017 నాటి సీజీఎస్‌టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్ను, వడ్డీ, జరిమానా, రీఫండ్ లాంటి మొత్తాల్ని సమీప రూపాయికి సవరిస్తారు. 50 పైసలు, అంతకు మించితే రూపాయి, తక్కువైతే వదిలేయడం.

ఆదాయపు పన్నులో ఇంకాస్త ఆసక్తికరం. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 నాటి చట్టంలోని 288ఎ సెక్షన్ మొత్తం ఆదాయాన్ని పది రూపాయలకు సవరించమంది. పైసల్ని మాత్రం సవరించమనలేదు, పట్టించుకోవద్దంది. 6,54,324.95 ఉందనుకోండి. పైసలు వదిలేస్తే 6,54,324. చివరి అంకె 4, కాబట్టి 6,54,320. 'జాగ్రత్తగా' ముందు రూపాయికి సవరించిన మనిషికి 6,54,325 వస్తుంది, ఆ తర్వాత 6,54,330. చార్మినార్ దగ్గర పడిన గుంతే ఇది. పైసలు కొట్టేయమన్న చిన్న మాటతో చట్టం దాన్ని ముందే పూడ్చింది. చెల్లించాల్సిన పన్నుకూ పదికి సవరించే నియమం ఆ చట్టంలో ఉండేది, అది 288బి.

పంపకాల్లో ఇంకో రకం ఇబ్బంది. వెయ్యి రూపాయలు ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి 333.33, కలిపితే 999.99. ఒక పైసా ఏ జేబులోకీ రాలేదు. ఇద్దరికి 333.33 ఇచ్చి, మూడోవాళ్ల వాటాను భాగహారంతో కాకుండా తీసివేతతో తీయండి: 1000 - 666.66 = 333.34. ఈఎంఐల పట్టికలో చివరి వాయిదా మిగతావాటి కంటే కొంచెం తేడాగా ఉండేది ఇందుకే. శాతాల పట్టిక మొత్తం 99.9 వచ్చినా ఇదే సంగతి. దాన్ని నూరు చేయాలని ఏదో ఒక గడిలో అంకె దిద్దే బదులు, కింద "సవరణ వల్ల మొత్తం 100 కాకపోవచ్చు" అని రాయడం నిజాయితీ.

దగ్గరిది కాదు, పైది. దగ్గరిది కాదు, కిందిది

గదికి టైల్స్ వేయిస్తున్నారు. 13 అడుగులు, 10 అడుగులు: 130 చదరపు అడుగులు. రెండడుగుల టైల్ ఒక్కోటి 4 చదరపు అడుగులు. 130 ÷ 4 = 32.5. పెట్టెకు 4 టైల్స్ అనుకుంటే 8.125 పెట్టెలు. మామూలు నియమంతో 8 పెట్టెలు తెస్తే మూల దగ్గర ఖాళీ నేల మిగులుతుంది. కొనే సరుకు ఎప్పుడూ పైకే: 9 పెట్టెలు.

కోతలో పోయేదానికి 10 శాతం అదనం కలపాలి. ఎక్కడ కలపాలి? 32.5 మీద కలిపితే 35.75, పైకి 36, సరిగ్గా 9 పెట్టెలు. ముందే 33 చేసి దాని మీద కలిపితే 36.3, పైకి 37, పెట్టెలు 10. లెక్క మధ్యలో ఒక్కసారి రౌండ్ చేసినందుకు ఒక పెట్టె అదనం.

తానులోంచి ముక్కలు తీసేటప్పుడు తిరగేసి ఆలోచించాలి. 10 మీటర్ల తానులో 0.85 మీటరు జాకెట్ ముక్కలు 11.76. పన్నెండో ముక్కకు ఎంత బతిమాలినా బట్ట చాలదు. 11.

అర్హత గీతల దగ్గర కూడా మామూలు రౌండింగ్ పనికిరాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజినీరింగ్‌లో హాజరు 75 శాతం ఉండాలి. 74.6 అంటే 75 అనుకోవడానికి వీల్లేదు, నియమంలో సవరించమని రాసి ఉంటే తప్ప. నిండిన వయసు కూడా అంతే: 17 ఏళ్ల 11 నెలలకు ఓటు రాదు.

అంకెల్ని ఊరికే కత్తిరించడం మాత్రం పెద్ద లెక్కల్లో దొంగదెబ్బ తీస్తుంది. కెనడాలోని వాంకోవర్ స్టాక్ ఎక్స్చేంజ్ 1982లో తన షేర్ల సూచీని 1000 దగ్గర మొదలుపెట్టింది. ప్రతి లావాదేవీకీ సూచీని తిరిగి లెక్కించి, మూడు దశాంశాల తర్వాత ఉన్నదాన్ని సవరించకుండా తెంపేసేవారు. ప్రతిసారీ పోయేది వెయ్యో వంతులోపే, కానీ ఎప్పుడూ కిందికే. 1983 నవంబరుకు సూచీ 524.811 చూపించింది. సరిగ్గా లెక్కిస్తే 1098.892.

సార్థక అంకెలు

సైన్స్ లెక్కల్లో దశాంశాలు కాకుండా సార్థక అంకెలు అడుగుతారు. మొదటి సున్నా కాని అంకె నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టండి, మిగతా అడుగులు మారవు. 0.004567 రెండు సార్థక అంకెలకు 0.0046. రెండు దశాంశాలకు అయితే 0.00. గుణకారంలో, తక్కువ సార్థక అంకెలున్న కొలత ఎంతవరకు ఉందో జవాబు అంతవరకే: 12.3 × 4.56 = 56.088, రాయాల్సింది 56.1. పోటీ పరీక్షల్లో సొంత అలవాటుకు చోటు లేదు, ప్రశ్నపత్రం మొదటి పేజీలో ఏది రాస్తే అదే నియమం.

ఎక్సెల్, ట్యాలీ, కోడ్

ఎక్సెల్‌లో గడిని "దశాంశాలు తగ్గించు" బటన్‌తో పొట్టి చేస్తే కంటికి మాత్రమే రౌండ్ అవుతుంది, లోపల సంఖ్య అలాగే ఉంటుంది. 10.4, 10.4 ఉన్న రెండు గడుల్ని అలా చూపిస్తే 10, 10 కనిపిస్తాయి. మొత్తం 20.8 కాబట్టి 21 కనిపిస్తుంది. పదీ పదీ ఇరవై ఒకటెలా అయిందని మేనేజర్ అడిగే ప్రశ్న ఇక్కడి నుంచే పుడుతుంది. బయటికి పంపే మొత్తాలకు రౌండ్ ఫంక్షన్ వాడండి. రెండో విలువగా 2 ఇస్తే పైసల దాకా, 0 ఇస్తే రూపాయికి, -1 ఇస్తే పదికి, -2 ఇస్తే వందకు. ఎప్పుడూ పైకి కావాలంటే రౌండప్, కిందికి కావాలంటే రౌండ్‌డౌన్. అదే ఎక్సెల్‌లో మ్యాక్రోలు రాసే వీబీఏలోని రౌండ్ మాత్రం సరి నియమం పాటిస్తుంది. ఒకే ఫైల్లో గడిలో 3, మ్యాక్రోలో 2 వస్తే (2.5కి) ఆశ్చర్యపోకండి.

అకౌంట్స్ రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీలో "రౌండ్ ఆఫ్" పేరుతో ఒక లెడ్జర్ తెరిచి, లెడ్జర్ రకం ఇన్‌వాయిస్ రౌండింగ్, పద్ధతి నార్మల్, పరిమితి 1 అని పెడితే తేడా పైసలు దానంతట అదే ఆ ఖాతాలో పడతాయి. ఏడాది చివర ఆ ఖాతా నిల్వ చూడండి. కొన్ని ప్లస్, కొన్ని మైనస్ కాబట్టి చిన్న మొత్తమే ఉండాలి. ఒకే వైపు వేలల్లో పెరిగి ఉంటే పద్ధతి నార్మల్ బదులు అప్‌వర్డ్ అని ఎంచుకుని ఉంటారు, లేదా ఎవరో కలవని లెక్కల్ని అందులోకి తోసేస్తున్నారు.

కోడ్ రాసే భాష పైథాన్‌లో 2.675ను రెండు దశాంశాలకు రౌండ్ చేస్తే 2.67 వస్తుంది. ఇది సరి నియమం వల్ల అనుకుంటారు. సరి నియమమైతే 2.68 రావాలి, ఎందుకంటే 7 బేసి. అసలు కారణం వేరు: కంప్యూటర్ సంఖ్యల్ని రెండు ఆధారంగా దాచుకుంటుంది, అందులో 2.675 కచ్చితంగా ఇమడదు. లోపల ఉన్నది 2.67499999... అది సగానికి కింద, కాబట్టి 2.67 సరైన జవాబే. 2.5ను రౌండ్ చేస్తే 2 రావడం మాత్రం సరి నియమమే, 2.5 రెండు ఆధారంలో కచ్చితంగా ఇముడుతుంది. డబ్బు లెక్కలు రాసే కోడ్‌లో ఫ్లోట్ (సంఖ్యల్ని ఇలా రెండు ఆధారంగా దాచే రకం) వాడొద్దు. మొత్తాల్ని పైసల్లో పూర్ణాంకాలుగా దాచండి, లేదా డెసిమల్ మాడ్యూల్‌లో సగం పైకి వెళ్లాలని పేరుపెట్టి చెప్పండి.

చేసి చూడండి

6.0849 రెండు దశాంశాలకు: 6.08. (6.09 వచ్చిందంటే మధ్యలో 6.085 దగ్గర ఆగారు.)

129.996 రెండు దశాంశాలకు: 130.00. సున్నాలు రెండూ ఉండాలి.

7,449.99 సమీప వందకు: 7,400. పక్క అంకె 4, దాని వెనక ఎన్ని తొమ్మిదులున్నా మనకు పట్టదు.

0.05049 రెండు సార్థక అంకెలకు: 0.050.

-3.45 ఒక దశాంశానికి: బజారు నియమంతో -3.5, ఇంటర్ ఫిజిక్స్ నియమంతో -3.4.

18,65,314.60 మొత్తం ఆదాయం, 288ఎ ప్రకారం: 18,65,310. 320 వేసినవాళ్లు పైసల్ని కొట్టేయకుండా రౌండ్ చేశారు.